ప్రణాళికలూ, పల్లె లెక్కలూ

సత్యవేడు నుండి వరదయ్యపాళెమునకు పోవు దారిలో తెల్లవారకముందే బస్సుల సందడి మొదలగును. ఊరి మొదట చింతచెట్టు క్రింద పదిమంది పడుచులు నిలిచియుందురు. మెడలో గుర్తింపు కార్డు, భుజమున సంచి, చేతిలో అన్నపుగిన్నె. బస్సు వచ్చును, వారిని ఎక్కించుకొని శ్రీసిటీ వైపు సాగిపోవును. కొంత ప్రొద్దెక్కిన పిదప అదే చెట్టు క్రిందికి మరికొందరు స్త్రీలు వచ్చి చేరుదురు. వీరు ఆ పడుచుల తల్లుల యీడువారు. వీరికొరకు బస్సు రాదు. ఆటో వచ్చినచో పొరుగూరిలో కలుపు తీయుటకు కూలివారు కావలసినారని అర్థము. రానిచో ఎండ ముదురువరకు చూచి ఇండ్లకు మరలుదురు.

కూతురి ఉద్యోగము ప్రభుత్వ నివేదికలోనికి ఎక్కినది. తల్లికి తప్పిపోయిన పనిదినములు ఏ నివేదికలోనికిని ఎక్కలేదు. ఆ యింటికి ప్రణాళిక మేలు చేసినదా, కీడు చేసినదా? ఇద్దరిలో ఒకరినే అడిగినచో సగము జవాబే దొరకును. ఇద్దరినీ కూర్చుండబెట్టి, ఇంటిలో పెరిగినదేమి, తరిగినదేమి అని విచారించినప్పుడే లెక్క తేలును. ప్రాంతీయాభివృద్ధి ప్రణాళికలు పల్లెల మీద చూపు ప్రభావమును ఎట్లు కొలువవలెనను ప్రశ్నకు ఈ చింతచెట్టు నీడ చాలినంత ఉపోద్ఘాతము.

మొదట మన సీమను గూర్చి రెండు మాటలు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగి తిరుపతి ప్రత్యేక జిల్లా అయినది. విభజనకు ముందున్న జిల్లాలో 66 మండలములు. 2011 జనగణన ప్రకారము జనాభా 41 లక్షల 74 వేలు. అందులో నూటికి డెబ్బదిమంది పల్లెలవారే. ఏడాది పొడుగునా పారు నది ఒక్కటియు లేదు. స్వర్ణముఖి, అరణియారు, బాహుదా, నీవా — ఇవన్నియు వానపడినప్పుడు ఏరులు, తక్కిన దినములలో ఇసుక బయళ్లు. అందుచేతనే మన పూర్వులు వేల సంఖ్యలో చెరువులు త్రవ్వించి, కట్టలు పోయించి, వాన చుక్కను వాననాడే దాచుకొనిరి. ఇట్టి సీమలో ఏ ప్రణాళిక మంచిచెడ్డలైనను కడకు నీటి దగ్గరకు, కూలి దగ్గరకు, భూమి దగ్గరకు వచ్చి నిలుచును.

కొలత లేని ఖర్చు

వెనుకబడిన ప్రాంతమునకు ప్రత్యేక శ్రద్ధ కావలెనను మాట నేటిది కాదు. 1937 నవంబరు 16వ తేదీన కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలోనే నదీజలముల విషయమున రాయలసీమకు మొదటి స్థానమీయవలెనని పెద్దలు వ్రాసికొనిరి. 1952లో సామాజిక వికాస పథకము దేశమంతటను మొదలైనది. ఆ పథకము ఫలించుచున్నదో లేదో చూచుటకు కేంద్ర ప్రణాళికా సంఘము క్రింద ఆ యేడే ఒక మూల్యాంకన సంస్థను నెలకొల్పిరి. అనగా విత్తనము చల్లిననాడే పంట కొలుచు కుంచము కూడ సిద్ధము చేసికొనిరన్నమాట. అయిదేండ్ల పిదప, 1957లో, బల్వంతరాయ్ మెహతా సంఘము ఆ కుంచము చూపిన సత్యమును నిర్మొగమాటముగ చెప్పినది: పని ప్రభుత్వముదిగనే మిగిలినది, ప్రజలు దానిని తమదిగ చేసికొనలేదని. మన పంచాయతీరాజ్ వ్యవస్థ పుట్టినది ఆ విమర్శనుండియే. నిజాయితీగ చేసిన లెక్క వలన కలుగు లాభమునకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు.

ఆ తరువాత పథకముల సంఖ్య పెరిగినది, కుంచము మాత్రము మూల పడినది. ఎంత ఖర్చు చేసితిమన్నదే ఎంత సాధించితిమను ప్రశ్నకు జవాబుగ చెలామణి అయినది. ఒక ఉదాహరణము చూడుడు. 2014లో రాష్ట్ర విభజన జరిగిన పిదప, వెనుకబడిన ఏడు జిల్లాలకు — రాయలసీమ నాలుగు, ఉత్తరాంధ్ర మూడు — జిల్లాకు ఏటేట 50 కోట్ల చొప్పున ప్రత్యేక సహాయమును కేంద్రము మూడేండ్లపాటు మంజూరు చేసినది. యాబది కోట్లనగా వినుటకు పెద్ద మొత్తమే. కాని చిత్తూరు జిల్లా జనాభా చేత భాగించి చూచినచో తలకు సంవత్సరమునకు సుమారు 120 రూపాయలు. ఈ మొత్తము వృథా అని నేననను. ఒక ఊరి చెరువు తూము బాగుచేయుటకు సరియైన చోట పడినచో చిన్న మొత్తమైనను పెద్ద పని చేయును. కాని మొత్తము చెప్పి, మార్పు చెప్పకుండుట లెక్క కాదు. విత్తనము ధర చెప్పి పంట చెప్పకుండుట వంటిదది.

సగటు చేయు మోసము

మార్పును కొలుచునప్పుడు మొదట తగులు చిక్కు సగటుతో వచ్చును. పది ఇండ్ల పల్లె ఒకటి ఉన్నదనుకొందము. ప్రతి ఇంటికి నెలకు 8 వేల రూపాయల రాబడి. అక్కడికొక పరిశ్రమ వచ్చినది. రెండిండ్లవారు రోడ్డు ప్రక్క అంగళ్లు, అద్దె గదులు కట్టి నెలకు 40 వేలు సంపాదించుచున్నారు. మూడిండ్ల పిల్లలకు ఉద్యోగములు దొరకి రాబడి 10 వేలకు పెరిగినది. తక్కిన అయిదిండ్లవారికి పొలముల కూలి తగ్గి, మేకలు మేపు బీడు పోయి, రాబడి 6 వేలకు పడిపోయినది. మొత్తము కూడి పదిచేత భాగించుడు: 14 వేలు! ఎనిమిది వేల పల్లె పదునాలుగు వేల పల్లె అయినదని నివేదిక చెప్పును. అది అబద్ధము కాదు. అయినను ఆ పల్లెలో సగము ఇండ్లు మునుపటికంటె పేదవైనవి. కనుక సగటు ఎంత అని కాక, ఎన్ని ఇండ్లు లేచినవి, ఎన్ని ఇండ్లు క్రుంగినవి, ఆ క్రుంగినవి ఎవరివి అని అడుగవలెను.

రెండవ చిక్కు పోలికది. పథకమునకు ముందు, పథకమునకు తరువాత అని రెండు కాలములను పోల్చుట సాధారణముగ జరుగు పని. కాని మన సీమలో ఒక ఏడు వాన కురియును, రెండేండ్లు ఎండును. కరవు సంవత్సరమున మొదలై, వానలు కురిసిన సంవత్సరమున ముగిసిన పథకము ఏదియైనను జయప్రదముగనే కనబడును. వేరుసెనగ దిగుబడి పెరిగినచో ఆ ఘనత పథకముదా, మేఘముదా? దీనికి శాస్త్రజ్ఞులు చెప్పు ఉపాయము సులువైనదే. అదే వాన, అదే నేల, అదే తీరు జనము గల మరొక పల్లెను, పథకము చేరని దానిని, ప్రక్కన నిలుపుడు. ఇక్కడ పెరిగినది ఎంత, అక్కడ పెరిగినది ఎంత అని చూడుడు. ఆ రెండిటి మధ్యనున్న తేడాయే పథకము ఫలము. ఇట్లు పోల్చవలెనన్నచో పథకము రాకముందే ఊరి స్థితిని వ్రాసి ఉంచుకొనవలెను. ఇల్లు కట్టిన తరువాత పునాది లోతు కొలుచుట ఎవరి తరము?

శ్రీసిటీ చెప్పు పాఠము

ఈ కొలతలు చేతబట్టుకొని ఇప్పుడు శ్రీసిటీ వైపు చూతము. సత్యవేడు, వరదయ్యపాళెము మండలములలో, చెన్నపట్టణమునకు ఉత్తరముగ సుమారు 55 కిలోమీటర్ల దూరమున, 2008లో ఈ ప్రత్యేక ఆర్థిక మండలి ఆరంభమైనది. మెట్ట పొలములు, బీళ్లు, చిన్న చెరువులు ఉండిన చోట నేడు మోటారు వాహనములు, మెట్రో రైలు పెట్టెలు, తినుబండారములు, శీతల యంత్రములు తయారగుచున్నవి. 2015లో ఫాక్స్‌కాన్ సంస్థ ఇక్కడ సెల్‌ఫోనుల కూర్పు మొదలుపెట్టినప్పుడు పనిలో చేరినవారిలో అత్యధికులు చుట్టుప్రక్కల పల్లెల యువతులు. ఇది చిన్న సంగతి కాదు. పదవ తరగతితో చదువు మాని పెండ్లికి ఎదురుచూచు ఆడపిల్ల తన పేర బ్యాంకు ఖాతా తెరచి, తమ్ముని చదువునకు రుసుము కట్టుట — దీనిని ఏ విమర్శకుడును తేలికగ తీసివేయరాదు.

లెక్క పుస్తకములో రెండవ పుట కూడ తెరువవలెను. భూమి కలవానికి పరిహారము వచ్చినది. ఆ భూమిలో కూలిచేసి బ్రతికినవాని మాట ఏమి? 1894 నాటి భూసేకరణ చట్టము భూమికి వెల కట్టినది. ఆ భూమి మీద ఆధారపడిన బ్రతుకునకు వెల కట్టలేదు. దరఖాస్తు పట్టా, అనగా మన వైపు డి.కె.టి. పట్టా, గల దళిత కుటుంబమునకు ఆ రెండెకరములు ధనము మాత్రమే కాదు. ఊరిలో తలయెత్తి నిలుచుటకు ఆధారము. కౌలుదారునకు కాగితమే లేదు. గొఱ్ఱెల కాపరికి మేత పోరంబోకు ఉన్నంతవరకే జీవనము. పరిహారపు పట్టికలో ఇట్టివారి పేర్లు సాధారణముగ ఉండవు. భూమి అమ్మినవారిలోను డబ్బును మరల భూమిగ, చదువుగ మార్చుకొన్న ఇల్లు వేరు, రెండేండ్లలో ఖర్చు చేసికొన్న ఇల్లు వేరు. పరిహారమిచ్చిననాడు రెండిండ్లును సమానముగనే సంపన్నముగ కనబడును. పదేండ్లకు గాని తేడా తెలియదు.

ఈ లోపమును గుర్తించియే పార్లమెంటు 2013లో క్రొత్త భూసేకరణ చట్టము చేసినది. అది 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము, భూమి లేకపోయినను, సేకరణకు ముందు మూడేండ్లుగ ఆ భూమి మీద ఆధారపడిన కూలివారు, కౌలుదార్లు, చేతివృత్తులవారు కూడ బాధిత కుటుంబములే. భూమి తీసికొనుటకు ముందు సామాజిక ప్రభావ మదింపు చేయవలెను. దానిని ఆరు మాసములలో ముగించి, బాధితులున్న చోటనే బహిరంగ విచారణ జరుపవలెను. ప్రైవేటు సంస్థల కొరకు సేకరించునప్పుడు నూటికి ఎనుబదిమంది, ప్రభుత్వ ప్రైవేటు ఉమ్మడి పథకములకు నూటికి డెబ్బదిమంది సమ్మతి కావలెను. ఇంత వివరముగ పల్లె నష్టమును లెక్కలోనికి తీసికొన్న శాసనము మన దేశములో అంతకుముందు లేదు.

అయితే ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2018లో చేసిన సవరణ వలన, పారిశ్రామిక నడవాల వంటి కొన్ని తరగతుల పథకములకు ఈ మదింపు నుండి మినహాయింపునిచ్చు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకు కలిగినది. పనులు త్వరగ సాగవలెనన్నది అందుకు చెప్పిన కారణము. ఆలస్యము కూడ నష్టమే. అందు సందేహము లేదు. కాని విశాఖ–చెన్నై పారిశ్రామిక నడవాలో ఏర్పేడు–శ్రీకాళహస్తి ప్రాంతము ఒక ముఖ్య కేంద్రముగ నిర్ణయింపబడినది. ఆసియా అభివృద్ధి బ్యాంకు 2016లో ఆ నడవాకు ఋణము మంజూరు చేసినది. కనుక ఈ మినహాయింపు ఎక్కడనో దూరముననున్న ఊరి సంగతి కాదు. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఊళ్ల సంగతి. మదింపు లేనిచో ముందటి స్థితి వ్రాయబడదు. ముందటి స్థితి వ్రాయబడనిచో పదేండ్లకు లాభనష్టములు తేల్చుటకు ఎవరికిని ఆధారము మిగులదు.

నీరు ఎవరి ఊరికి?

ఇక నీటి ప్రణాళికలు. తెలుగుగంగ కథ అందరెరిగినదే. కృష్ణ జలములనుండి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలకు 5 టి.ఎం.సి.ల చొప్పున వదలుకొని, చెన్నపట్టణపు దాహము తీర్చుటకు ఒప్పుకొనిరి. 1983లో ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వములు ఒడంబడిక చేసికొనిరి. 1996లో మొదటిసారి నీరు తమిళనాడు సరిహద్దు చేరినది. కండలేరు నుండి పూండికి పోవు ఆ కాలువ మన తూర్పు మండలముల మీదుగనే సాగును. పొరుగువాని దప్పిక తీర్చుట పుణ్యము. ఇంటి ముందు పారు నీటిలో తన పొలమునకు వంతు ఎంతయని దారిలోని రైతు అడిగినచో అదియు న్యాయమే. ఒక మహానగరమునకు మేలు చేసిన పథకమును ఆ నగరపు కుళాయి దగ్గర మాత్రమే కొలువక, కాలువ గట్టు దగ్గర కూడ కొలువవలెను.

పడమటి మండలములకు హంద్రీ–నీవా ఆశాజ్యోతి. శ్రీశైలము జలాశయపు వెనుకనీటిని మాల్యాల వద్ద ఎత్తిపోసి, 40 టి.ఎం.సి.లతో రాయలసీమలో సుమారు 6 లక్షల ఎకరములకు నీరందించుట ఆ పథకము లక్ష్యము. 2025 ఆగస్టులో ఆ జలములు కుప్పము వరకు పారినప్పుడు వృద్ధులు కాలువ కడకు వచ్చి కన్నులారా చూచినారు. కృష్ణవేణి తమ ఊరికి వచ్చునని వారిలో ఎందరో నమ్మలేదు. ఆ సంతోషములో పాలుపంచుకొనుచునే మనము కొన్ని ప్రశ్నలు వేయవలెను. అంత ఎత్తునకు నీరు తోడుటకు ఏటేట విద్యుత్తు ఖర్చు భరించుట ఎట్లు? కాలువ నుండి చెరువునకు, చెరువు నుండి చివరి మడికి నీరు చేరునా? చేరినచో ఎన్ని దినములు? ప్రారంభోత్సవపు దినమున పారిన నీటిని బట్టి కాక, నాలుగవ ఏట మే మాసమున బావిలో ఎన్ని అడుగుల నీరున్నదో దానిని బట్టి ఈ పథకము విలువ తేలవలెను.

బావిలో నీటిని కొలుచుట ఇంజనీర్లకే చెల్లునని ఎవరైనను అనుకొన్నచో, వారికి మన సీమ రైతులే జవాబు చెప్పియున్నారు. చిత్తూరుతో సహా ఏడు కరవు జిల్లాలలో, 638 పల్లెలలో, 2003 మొదలు కొన్ని సంవత్సరములు రైతులే నిర్వహించిన భూగర్భజల పథకమొకటి నడిచినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడినది. రైతులు, అందులో స్త్రీలు కూడ, వానమానములో చినుకులు కొలిచిరి. బోరులలో నీటిమట్టము కొలిచి పలక మీద వ్రాసిరి. రబీకి ముందు ఊరంతయు కూడి, భూమిలో ఇంత నీరున్నది, వరి పెట్టినచో ఇంత కావలెను, ఆరుతడి పైరు పెట్టినచో ఇంత చాలునని జమాఖర్చు వేసిరి. ఎవరును ఎవరిని నిర్బంధించలేదు. గోడమీది అంకెలు చూచి ఎందరో తమంతట తామే పైరు మార్చుకొనిరి. కొలతను పల్లెవారి చేతికిచ్చినచో అది తీర్పుగనే కాక, దారిదీపముగను పనిచేయునని ఈ అనుభవము నిరూపించినది.

కాలపు పరీక్ష

పథకమునకు వయస్సు వచ్చినగాని గుణము తెలియదు. మామిడి సంగతి చూడుడు. నీరు చాలక వేరుసెనగ, చెరకు వదలి రైతులు తోతాపురి తోటలు వేసిరి. ప్రభుత్వము ప్రోత్సహించినది, గుజ్జు కర్మాగారములు వెలసినవి. నాటిన ఎకరముల లెక్కతో చూచినచో ఇది గొప్ప విజయము. కాని 2025 వేసవిలో కాపు విరివిగ వచ్చి, గుజ్జు నిలువలు పేరుకొని, ధర పడిపోయినది. కర్మాగారములు కిలోకు 8 రూపాయలీయవలెనని, తాను 4 రూపాయలు కలుపుదునని ప్రభుత్వము చెప్పవలసివచ్చినది. కాయలు నింపిన ట్రాక్టర్లు కర్మాగారపు వాకిళ్ల ముందు బారులు తీరినవి. ఒకే రకము కాయ, ఒకే విధమైన కొనుగోలుదారు: ఈ రెంటి మీద వేలాది కుటుంబములను నిలిపిన ప్రణాళిక, మొక్క నాటిననాడు కాక కాపు విరివిగ వచ్చిననాడు పరీక్షకు గురియైనది.

పాడి కథలో మరొక పాఠమున్నది. చిత్తూరు సహకార పాల డెయిరీ 2002లో మూతబడినది. ఒకనాడు రైతుల భాగస్వామ్యముతో వెలసిన సహకార చక్కెర కర్మాగారములు కూడ కాలక్రమమున ఆగిపోయినవి. గోడలు నిలిచినవి, యంత్రములు త్రుప్పుపట్టినవి. అయితే పాడి ఆగలేదు. ప్రైవేటు డెయిరీలు వచ్చినవి. 2014లో తిరుపతి కేంద్రముగ శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల సంస్థ ఏర్పడినది. అందులో వాటాదారులందరు పాడిపశువులున్న స్త్రీలే. మూతబడిన సంస్థ పోయినను పాడిచేయు నేర్పు ఇంటిలో మిగిలినది. మరియొక సంస్థ రాగానే అది అక్కరకు వచ్చినది. కనుక భవనములను మాత్రమే కాదు, పథకము వెళ్లిపోయిన పిదప ఇంటిలో మిగిలిన నేర్పును, కూడిన ధైర్యమును కూడ ఆస్తి పద్దులో వ్రాయవలెను.

ఎవరు చెప్పవలెను తీర్పు?

ఇంతవరకు ఏమి కొలువవలెనో చెప్పుకొంటిమి. ఎవరు కొలువవలెనన్నది కడపటి ప్రశ్న. 1999లో నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము రెండువేల ఇరువది నాటికి రాష్ట్రము ఎట్లుండవలెనో చెప్పు దార్శనిక పత్రము వెలువరించినది. వ్యవసాయము మీద ఆధారపడినవారి సంఖ్య బాగుగ తగ్గవలెనని అందులోని ఊహ. 2001లో మెదక్ జిల్లా అల్గోలు గ్రామమున "ప్రజాతీర్పు" అను పేర ఒక సభ జరిగినది. చిన్నకారు రైతులు, కూలివారు పందొమ్మిదిమంది తీర్పరులు. వారిలో అధికులు స్త్రీలు. సాక్షులుగ వచ్చిన అధికారులను, శాస్త్రజ్ఞులను, వ్యాపారులను వారు నాలుగైదు దినములు ప్రశ్నించిరి. పొలము వదలిన కోట్లమందికి పని ఎక్కడ చూపెదరని అడిగి, ఆ ప్రతిపాదన తమకు సమ్మతము కాదనిరి. ఆ సభను నడిపిన పద్ధతిని విమర్శించినవారును లేకపోలేదు. అయినను చదువురానివారికి ప్రణాళికలు అర్థముకావను మాట ఆనాటితో తేలిపోయినది.

ఉపాధి హామీ చట్టపు అమలులో ఆ ధోరణి ఆచారమయ్యెను. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ఆ పథకము మొదలైనది. మొదటి విడత జిల్లాలలో చిత్తూరు ఒకటి. మన రాష్ట్రము సామాజిక తనిఖీని ఒక పద్ధతిగ తీర్చిదిద్దినది. ఊరి యువకులే మస్టరు రోల్ పట్టుకొని ఇంటింటికి తిరిగి, "నీ పేర ఇన్ని దినములు వ్రాసినారు, నీవు చేసితివా? ఇంత ఇచ్చినారని ఉన్నది, నీకు ముట్టినదా?" అని అడిగిరి. పిదప మండల కేంద్రమున అందరి ఎదుట ఆ జవాబులు చదివిరి. నివేదికలోని అంకెకు ఒక ముఖము, ఒక గొంతు దొరకుట అప్పుడు చూచితిమి. తప్పులన్నియు దిద్దబడెనని చెప్పజాలము. కాని తప్పును తప్పని పదిమందిలో చెప్పు అలవాటు పల్లెకు వచ్చినది. ఆ అలవాటు కూలిపనులకే పరిమితము కానక్కరలేదు. కాలువకు, కర్మాగారమునకు, నడవాకు కూడ అదే తనిఖీ జరుపవచ్చును.

అధికారులు ఎప్పుడో చేయుదురని ఊరివారు కూర్చుండనక్కరలేదు. మీ ఊరికి ఒక పథకము వచ్చుచున్నదని తెలిసిననాడే గ్రామసభలో ఒక నోటు పుస్తకము తెరువుడు. మొదటి పుటలో నేటి స్థితి వ్రాయుడు: ఎన్ని బావులలో ఎంత నీరు, నాటు కూలి ఎంత, ఏడాదికి ఎన్ని పనిదినములు, ఎన్ని ఆవులు, ఎన్ని మేకలు, ఎందరు పిల్లలు బడికి పోవుచున్నారు, ఎన్ని ఇండ్లవారు వలసపోయినారు. రెండవ పుటలో పథకమువారు చేసిన వాగ్దానములను తేదీతో సహా వ్రాసికొనుడు. ప్రతి సంవత్సరము సంక్రాంతి తరువాత ఒక దినము కూర్చుండి అవే ప్రశ్నలకు జవాబులు వ్రాయుడు. ప్రక్క ఊరివారిని కూడ ఇట్లే వ్రాయుమనుడు. వారి పుస్తకమే మీకు పోలిక. భూమి లేనివారి ఇండ్లను, వితంతువుల ఇండ్లను, ఊరి చివరి వాడను ముందుగ అడుగుడు. నష్టము మొదట తగులునది అక్కడ. లాభము కడపట చేరునదియు అక్కడనే.

ఇందులకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. ఇంటి చిట్టా వ్రాయు గృహిణికి, పాలకేంద్రములో లీటర్లు లెక్కించు అమ్మాయికి ఉన్న పరిజ్ఞానము చాలును. ఇట్టి పుస్తకము పదేండ్లు నడిచిన ఊరితో ఏ అధికారియైనను, ఏ సంస్థయైనను మాటలాడు తీరు వేరుగ ఉండును. జ్ఞాపకము మీద ఆధారపడిన ఫిర్యాదును త్రోసివేయవచ్చును. తేదీలు వేసి వ్రాసిన లెక్కను త్రోసివేయుట కష్టము.

సత్యవేడు దారిలోని ఆ చింతచెట్టు క్రిందికి మరల పోదము. కూతురు ఎక్కిన బస్సును ఆపుమని ఎవరును కోరరు. తల్లి కూడ కోరదు. ఆ బస్సు వచ్చుటకు ఊరు ఇచ్చినదేమో వ్రాయుమని, తన చేతికి తప్పిన పని బదులు మరియొక పని ఎక్కడున్నదో చూపుమని మాత్రమే ఆ తల్లి అడుగుచున్నది. సాయంకాలము కూతురు దిగివచ్చునప్పటికి ఆమె ఇంటి అరుగుమీద దీపము పెట్టి కూర్చుండియుండును. ఆ ఇద్దరి రాబడిని, ఆ ఇద్దరి అలసటను ఒకే పుటలో వ్రాసిననాడు ప్రణాళిక పల్లెకు తెచ్చినదేమో మనకు తెలియును.